కండరంలో మూడో పోగు

కండరం ఎలా పనిచేస్తుందో బడిలో చెప్పేటప్పుడు సాధారణంగా రెండు పేర్లే వినిపిస్తాయి: యాక్టిన్, మయోసిన్. మొదటిది సన్నపోగు, రెండోది లావుపోగు. ఇవి ఒకదాని పక్క నుంచి ఒకటి జారితే కండరం ముడుచుకుంటుంది. మరి బాగా సాగదీసి వదిలిన కండరం మళ్లీ తన కొలతకు ఎలా వస్తుంది? ఆ పని టైటిన్ అనే ప్రోటీన్‌ది. మన ఒంట్లోని ప్రోటీన్లన్నిటిలోకీ పెద్దది ఇదే. కండరంలో మయోసిన్, యాక్టిన్‌ల తర్వాత ఎక్కువగా ఉండేదీ ఇదే. ఇంత భారీ అణువు 1970ల దాకా ఎవరి చేతికీ చిక్కలేదు.

పోగులు జారతాయన్న సిద్ధాంతం 1954లో వచ్చింది. హ్యూ హక్స్‌లీ, జీన్ హాన్సన్ ఒక జట్టుగా, ఆండ్రూ హక్స్‌లీ, రోల్ఫ్ నీడర్‌గెర్కే మరో జట్టుగా ‘నేచర్’ పత్రికలో దాన్ని ప్రకటించారు. ఆ ఏడాదే జపాన్‌లో రేజి నతోరి కండరపు పోగు పైపొర ఒలిచి పరీక్షించాడు. పొర పోయినా సాగి వెనక్కి వచ్చే గుణం పోలేదు. అంటే సాగేదేదో లోపలే ఉంది. అదేమిటో తేలడానికి ఇరవై ఏళ్లకు పైగా పట్టింది.

1976లో కోసాకు మరుయామా, నతోరి తదితరులు కండరం నుంచి యాక్టిన్, మయోసిన్‌లను కరిగించి తీసేశాక మిగిలిన పదార్థాన్ని పట్టుకున్నారు. అది సాగుతోంది. దానికి మరుయామా కనెక్టిన్ అని పేరు పెట్టాడు. 1979లో అమెరికాలోని టెక్సస్ విశ్వవిద్యాలయంలో కువాన్ వాంగ్ బృందం వేరే దారిన అక్కడికే చేరింది. ప్రోటీన్లను వేరుచేయడానికి వాటిని డిటర్జెంట్‌లో కరిగించి, జెల్ పలక మీద పోసి కరెంటు పెడతారు. చిన్నవి జెల్ రంధ్రాల్లోంచి వేగంగా కిందికి దిగుతాయి, పెద్దవి వెనకబడతాయి. టైటిన్ మరీ పెద్దది కావడంతో మామూలు జెల్‌లోకి దిగనే దిగదు. పైన అంచు దగ్గరే మచ్చలా ఆగిపోతుంది. కరగని ముద్ద అనుకుని దాన్ని వదిలేయడం తేలిక. వాంగ్ బృందం పెద్ద రంధ్రాలుండే పలచని జెల్ వాడటంతో ఆ మచ్చ కిందికి దిగింది. కనెక్టిన్, టైటిన్ ఒకటేనని తర్వాత తేలింది.

అయితే దాని పనేమిటి? 1986లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో రాబర్ట్ హొరోవిట్స్, రిచర్డ్ పొడోల్‌స్కీ బృందం కండరపు పోగుల మీద రేడియేషన్ ప్రసరింపజేసింది. గురి పెద్దదైతే దెబ్బ తగలడం సులువు కదా! టైటిన్, నెబ్యులిన్ లాంటి మహాకాయ ప్రోటీన్లు ముందుగా తెగాయి. దాంతో సాగదీసినప్పుడు ఉండాల్సిన బిగువు తగ్గింది. లావుపోగులు వరస తప్పాయి. కండరానికి బిగువు ఇస్తున్నదీ, లావుపోగులను నడిమధ్యన నిలబెడుతున్నదీ ఈ పెద్ద ప్రోటీనేనన్న వాదనకు గట్టి ఆధారం దొరికింది.

1995లో సీగ్‌ఫ్రీడ్ లాబెయిట్, బెర్న్‌హార్డ్ కోల్మెరర్ దీని పూర్తి వరసను ప్రచురించారు. గుండె కండరంలోని రూపంలోనే 26,926 అమైనో ఆమ్లాలున్నాయి. ఇన్సులిన్‌లో ఉండేవి 51. టైటిన్ అణుభారం దాదాపు 30 లక్షల డాల్టన్లు. పొడవు ఒక మైక్రోమీటర్ పైనే. ఒక ప్రోటీన్ అణువు ఇంత పొడవుండటం అరుదు. కండరపు మూల ఘటకమైన సార్కోమియర్‌లో ఒక చివర జెడ్ గీత దగ్గర మొదలై, నడిమి ఎమ్ గీత దాకా ఒక్క అణువే సాగుతుంది.

ఈ పొడవంతా ఏకబిగిన లేదు. దాదాపు 300 చిన్న ముడతల గుండ్లు వరసగా గుచ్చినట్టుంటాయి. వాటికి తోడు ప్రొలైన్, గ్లుటామేట్, వేలైన్, లైసిన్ ఎక్కువగా ఉండే వదులు భాగం ఒకటి ఉంది. మామూలు కదలికల్లో ముందు సాగేవి ఈ వదులు భాగమూ, గుండ్ల మధ్య సందులూ.

గుండ్ల గట్టితనం 1997లో తెలిసింది. మ్యూనిక్‌లో మథియాస్ రీఫ్, హెర్మన్ గౌబ్ తదితరులు ఒక్కొక్క టైటిన్ అణువును బంగారు తలం మీద పరిచి, అటామిక్ ఫోర్స్ మైక్రోస్కోప్ సూదికి అంటించి పైకి లాగారు. బలం పెరుగుతూ పోయి ఠక్కున పడిపోయేది, మళ్లీ పెరిగేది. గ్రాఫ్ మీద రంపపు పళ్లు వచ్చాయి. పంటికీ పంటికీ దూరం 25 నుంచి 28 నానోమీటర్లు. ఒక్కో పన్ను ఒక్కో గుండు విప్పుకోవడమన్నమాట. అందుకు కావలసిన బలం 150 నుంచి 300 పీకోన్యూటన్లు. పీకోన్యూటన్ అంటే న్యూటన్‌లో లక్ష కోట్లవ వంతు. ఒక మయోసిన్ అణువు లాగే బలం కొద్ది పీకోన్యూటన్లే. దాని పక్కన పెడితే ఇది ఎంత గట్టిదో అర్థమవుతుంది. లాగడం ఆపితే గుండ్లు మళ్లీ ముడుచుకున్నాయి కూడా.

గుండును ముడిచి ఉంచే హైడ్రోజన్ బంధం విడిగా బలహీనమైనదే. మరి ఇంత గట్టితనం ఎక్కడిది? 1998లో క్లాస్ షుల్టెన్ బృందం కంప్యూటర్ మీద ఈ గుండును లాగి చూసింది. పక్కపక్కనే ఒకే దిశలో ఉన్న రెండు పోచల మధ్య ఆరు హైడ్రోజన్ బంధాలున్నాయి. లాగినప్పుడు భారం ఆరింటి మీదా ఒకేసారి పడుతుంది. ఒకదాని తర్వాత ఒకటి తెగే వీలుంటే గుండు తేలిగ్గా విడిపోయేది. ఆరూ కలిసి తెగాల్సి రావడంతో మొండికేస్తుంది.

ఇంత పెద్ద అణువును తయారుచేసే జన్యువు రెండో క్రోమోజోమ్‌పై ఉంది. దానిలో ప్రోటీన్ సమాచారం ఉండే ముక్కలు, అంటే ఎక్సాన్లు, 363. ఏ కండరానికి ఎంత సాగుడు కావాలో దాన్నిబట్టి వీటిని ఎంచుకుంటాయి కణాలు. గుండె గోడలు పలచబడి సాగిపోయే డైలేటెడ్ కార్డియోమయోపతి వంశపారంపర్యంగా వచ్చిన రోగుల్లో సుమారు 25 శాతం మందికి టైటిన్‌ను మధ్యలోనే ఆపేసే మార్పులు ఉన్నాయని 2012లో తేలింది.

కండరం బొమ్మ గీసే జీవశాస్త్రం ఉపాధ్యాయులు రెండు పోగుల పక్కన ఈ మూడోదాన్నీ గీయాలి. అది లేకుండా ఆ పాఠం పూర్తికాదు.