ఎవరి గిన్నె వాళ్లది: చైనా హాట్‌పాట్ నుంచి బొగ్గుబాయి సద్దిగిన్నె దాకా

ఈ వారం మనం చెప్పుకోబోయేది ఒక గిన్నె కథ.

రీల్స్‌లో మీరు చూసే ఉంటారు. పొడుగాటి కౌంటర్, దాని ముందు వరసగా కుర్చీలు. ఒక్కొక్కరి ముందు ఒక చిన్న పొయ్యి, దాని మీద ఒక చిన్న గిన్నె, అందులో సలసలా మరిగే సూప్. పక్కన ప్లేట్లో పల్చగా కోసిన మాంసం, ఆకుకూరలు, పుట్టగొడుగులు, నూడుల్స్. ఒక్కో ముక్కా గిన్నెలో ముంచాలి, ఉడికాక సాస్‌లో అద్దుకుని తినాలి. అంతే. ఇదే చైనా హాట్‌పాట్. తినేవాడే వంటవాడు అన్నమాట.

మామూలు హాట్‌పాట్ అయితే టేబుల్ మధ్యలో ఒకటే పెద్ద గిన్నె ఉంటుంది, చుట్టూ పదిమంది కూర్చుంటారు. నేను చెప్తున్నది మనిషికో గిన్నె ఇచ్చే హోటల్ గురించి. ఒక్కరే వెళ్లొచ్చు, ఒక్కరే తినొచ్చు, ఎవరి చెంచా ఎవరి గిన్నెలోనూ పడదు.

బెల్లంపల్లిలో మనకు చైనా తిండి అంటే సాయంత్రం ఫాస్ట్‌ఫుడ్ బండి మీద నూడుల్స్, గోబీ మంచూరియా. మరి ఆ గిన్నెకీ, బెల్లంపల్లి బొగ్గుబాయికీ ఏం సంబంధం అంటారా? ఉంది. చివరిదాకా వినండి.

ముందు చైనా వెళ్దాం. మనిషికో గిన్నె అనేది ఈ మధ్య వచ్చిన ఫ్యాషన్ అనుకుంటాం కదా. కానే కాదు. 2000 ఏళ్ల కింద, హాన్ వంశం ఏలిన రోజుల్లో, అక్కడ ఉన్నవాళ్లు చాపల మీద కూర్చుని, ఎవరి చిన్న పీట ముందు వాళ్లు తినేవాళ్లు. ఆ కాలం సమాధుల్లో కంచుతో చేసిన బుల్లి పొయ్యిలు దొరికాయి. పైన ఒక కప్పు, కింద నిప్పు, ఒక్క మనిషికి సరిపోయేంత. తర్వాత ఎత్తు కుర్చీలు, ఎత్తు బల్లలు వచ్చాయి. టాంగ్, సాంగ్ వంశాల కాలంలో జనం మెల్లగా ఒకే బల్ల చుట్టూ చేరి, ఒకే గిన్నెలోంచి తినడం అలవాటు చేసుకున్నారు.

చైనా భాషలో హాట్‌పాట్‌ని హువోగువో అంటారు. అంటే నిప్పుగిన్నె. ఉత్తరాది రకం చూస్తే ఆ పేరు ఎందుకో తెలుస్తుంది. రాగిగిన్నె, మధ్యలో గొట్టం, ఆ గొట్టంలో కట్టెబొగ్గు నిప్పులు, చుట్టూ మరిగే నీళ్లు. రాజులకు కూడా ఇదంటే ఇష్టమే. 1796లో చియన్‌లాంగ్ చక్రవర్తి వేల మంది ముసలివాళ్లను పిలిచి పెద్ద విందు ఇచ్చాడు. అక్కడ పై హోదా వాళ్ల బల్లల మీద వెండి, తగరం గిన్నెలు పెట్టారు. కింది హోదా వాళ్లకు రాగివి. తిండి ఒకటే విందులో, కానీ గిన్నెను చూస్తే ఎవరు ఎక్కడివాళ్లో చెప్పేయొచ్చు. ఈ పాయింట్ గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

ఇప్పుడు రాజుల్ని వదిలి కూలీల దగ్గరికి. యాంగ్సీ నది ఒడ్డున చోంగ్‌చింగ్ అని ఒక ఊరుంది. పడవలు లాగేవాళ్లు, మూటలు మోసేవాళ్లు ఎక్కువగా ఉన్న ఊరు. సుమారు 100 ఏళ్ల కింద అక్కడి రేవుల్లో ఒక తిండి పుట్టింది. మంచి మాంసం డబ్బున్నోళ్లు కొనుక్కునేవాళ్లు. మిగిలిన పశువు పేగులు, పొట్టభాగం చవగ్గా దొరికేవి. వాటిని మిరపకాయలు, కొవ్వు వేసి మరిగించిన పులుసులో ముంచి తినేవాళ్లు. మన బోటి కూర గుర్తొచ్చిందా? అదే లెక్క. ప్రపంచంలో ఎక్కడైనా కూలి మనిషి తిండి ఇలాగే మొదలవుతుంది.

అసలు తెలివి ఆ గిన్నెలో ఉంది. పెద్ద గిన్నె మధ్యలో అడ్డపట్టీలు పెట్టి తొమ్మిది గళ్లు చేసేవాళ్లు. ముఖపరిచయం లేని తొమ్మిది మంది చుట్టూ చేరతారు. ఎవరి గడి వాళ్లది, ఎవరు తిన్నదానికి వాళ్లే పైసలు. కానీ కింద నిప్పు ఒకటే, పులుసు ఒకటే. ఒక్కడే పెద్ద గిన్నె కొనలేడు కాబట్టి తొమ్మిది మంది పంచుకున్నారు. అక్కడ ఎవరి గడి వాళ్లదవడానికి కారణం జేబు.

తర్వాతి కారణం రోగం. మంచూరియా అంటే మనకు గోబీ గుర్తొస్తుంది గానీ, అది చైనా ఈశాన్యంలో ఉన్న ఒక ప్రాంతం. ఆ కూరకూ ఆ ప్రాంతానికీ పేరు తప్ప ఏ సంబంధం లేదు. కోల్‌కతాలో పుట్టిన చైనా సంతతి వంటమనిషి నెల్సన్ వాంగ్ 1975లో ముంబైలో చికెన్ మంచూరియన్ కనిపెట్టాడని చెప్తారు. అసలు మంచూరియాలో 1910 చలికాలంలో ఊపిరితిత్తుల ప్లేగు వచ్చి సుమారు 60 వేల మంది చనిపోయారు. దాన్ని అదుపులోకి తెచ్చిన డాక్టర్ పేరు వూ లియెన్‌ తే. మలయాలోని పెనాంగ్‌లో పుట్టాడు. మూతికి గుడ్డ మాస్కు కట్టుకోమని పట్టుబట్టింది ఆయనే. 1915లో ఆయన భోజనం బల్ల గురించి కూడా రాశాడు. అందరూ నోట్లో పెట్టుకున్న పుల్లలే ఒకే గిన్నెలో ముంచితే రోగం అంటుకుంటుంది, కాబట్టి తిరిగే పళ్లెం పెట్టండి, వడ్డించుకోవడానికి వేరే పుల్లలు వాడండి అన్నాడు.

1998లో తైవాన్ నుంచి వచ్చిన ఒక వ్యాపారి బీజింగ్‌లో షియాబు షియాబు అనే హోటల్ మొదలుపెట్టాడు. కౌంటర్ ముందు కూర్చోబెట్టి మనిషికో గిన్నె ఇవ్వడమే దాని పద్ధతి. మొదట్లో జనం పెద్దగా పట్టించుకోలేదు. 2003లో సార్స్ వచ్చింది. పక్కవాడి పుల్ల అంటే భయం పట్టుకుంది. ఒక్కసారిగా ఆ చిన్న గిన్నెకు గిరాకీ పెరిగింది. 2014 నాటికి ఆ కంపెనీ హాంకాంగ్ షేర్ మార్కెట్‌కు ఎక్కింది.

సరే, ఇక మన ఊరికి వద్దాం. నిప్పుగిన్నె అన్నాం కదా, ఆ నిప్పు దగ్గర్నుంచే మొదలుపెడదాం.

1871లో డాక్టర్ విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గు కనిపెట్టాడు. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. 1920ల చివర్లో బెల్లంపల్లి వైపు బాయిలు తెరుచుకున్నాయి. కరీంనగర్, వరంగల్, ఆదిలాబాద్ పల్లెల నుంచి జనం పనికి వచ్చారు. ఉత్తరాది నుంచి కూడా వచ్చారు. వాళ్లలో దళితులు చాలామంది. తట్ట, చెమ్మస్ పట్టుకుని బొగ్గు నింపారు.

బాయిలోకి దిగే మనిషి చేతిలో ఒక సద్దిగిన్నె. ఇంట్లో పొద్దున కట్టిచ్చిన అన్నం. ఇప్పుడు ఆలోచించండి. ఆ మనిషి రోజంతా తవ్వేది నిప్పు కోసం వాడే బొగ్గు. రైళ్లు నడిచేది దాంతో, కరెంటు వచ్చేది దాంతో. కానీ లోపల అతను అగ్గిపుల్ల గీయకూడదు. బాయిలో మీథేన్ గ్యాస్ ఉంటుంది, చిన్న నిప్పురవ్వ పడినా పేలుతుంది. అందుకే బీడీ, అగ్గిపెట్టె తీసుకుపోవడం నేరం. బొగ్గు మధ్యలో కూర్చుని చల్లటి సద్ది తినడమే అతని భోజనం. హాట్‌పాట్ కౌంటర్‌కి ఇంతకన్నా దూరం ఉన్న భోజనం ఇంకోటి ఉండదేమో.

ఆ సద్దిగిన్నె కూడా ఎవరిది వాళ్లదే. మరి ఆ మనిషి పుట్టిన ఊళ్లో ఎవరి గిన్నె వాళ్లది అంటే అర్థం ఏంటో తెలుసా? తెలుగు పల్లెల్లో చాలాచోట్ల చాయ్ హోటళ్లలో రెండు గ్లాసుల పద్ధతి నడిచింది. అందరికీ ఒక రకం గ్లాసులు లోపల. దళితులకు వేరే గ్లాసులు బయట. తాగినోడే కడిగి పెట్టి పోవాలి. అక్కడ కూడా ఎవరి గ్లాసు వాళ్లదే. కానీ దానికి కారణం రోగం కాదు, జేబూ కాదు. నువ్వు ముట్టుకుంటే మైల అనే అవమానం.

అందుకే మన దగ్గర కలిసి తినడమే ఒక పోరాటం అయింది. కృష్ణా జిల్లా ముదునూరులో 1940లో నాస్తిక కేంద్రం పెట్టిన గోరా, అన్ని కులాలవాళ్లనూ ఒకే పంక్తిలో కూర్చోబెట్టి సహపంక్తి భోజనాలు నడిపాడు. 1950లో రాజ్యాంగం వచ్చింది. 15వ అధికరణంలో హోటళ్ల పేరు ఎత్తి మరీ, కులం పేరుతో ఎవరినీ ఆపకూడదని రాశారు. 1955లో అంటరానితనం నేరాల చట్టం ఇంకో అడుగు ముందుకేసింది. హోటల్లో ఉన్న పాత్రలు వాడుకోనివ్వకపోవడం కూడా నేరమే అంది. చూశారా, ఒక దేశం తన చట్టంలో గిన్నెల గురించి రాసుకోవాల్సి వచ్చింది.

అదే 1955లో గనుల రూల్స్ కూడా వచ్చాయి. 250 మందికి మించి పనిచేసే గని దగ్గర క్యాంటీన్ ఉండాలన్నది అందులో ఒక రూల్. కార్మికుడికి వేడివేడి చాయ్, టిఫిన్ దొరకాలని పెట్టిన రూల్ అది. కానీ ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చదవండి. ఊళ్లో వేరే గ్లాసు పట్టుకున్న మనిషికి, బాయి మీద అందరి గ్లాసూ తన గ్లాసే అని అడిగే హక్కు కాగితం మీదికి వచ్చింది. కాగితం మీద రాసినంత మాత్రాన మనసులు మారిపోయాయని నేను చెప్పను. బస్తీల్లో కులం పోలేదు. కానీ అడగడానికి ఒక ఆధారం దొరికింది.

ఇప్పుడు మొత్తం కలిపి చూడండి. చక్రవర్తి విందులో గిన్నె హోదాను చూపించింది. చోంగ్‌చింగ్ రేవులో గడి జేబును కాపాడింది. బీజింగ్‌లో చిన్న గిన్నె రోగం భయం తీర్చింది. మన పల్లె చాయ్ హోటల్లో వేరే గ్లాసు మనిషిని తక్కువ చేసింది. చూడ్డానికి అన్నీ ఒకటే, ఎవరిది వాళ్లదే. తేడా ఒక్కటే ప్రశ్నలో ఉంది. నీ గిన్నె వేరు అని ఎవరు తేల్చారు? నువ్వా, ఇంకెవరైనానా?

హైదరాబాద్‌లోనో, రేపు ఇంకెక్కడో మీరు అలాంటి కౌంటర్ ముందు కూర్చుంటే హాయిగా తినండి. మీ గిన్నె మీరు కోరుకున్నది, తప్పేం లేదు. పక్క కుర్చీలో ఎవరు కూర్చున్నా ఎవరూ అడగరు, కులం పేరు చెప్పమనరు. ఆ మాత్రం కుర్చీ కోసం మన ముందు తరాలు ఎంత దూరం నడిచాయో ఒక్క నిమిషం గుర్తుచేసుకోండి చాలు.

చివరగా చిన్న హోంవర్క్. బెల్లంపల్లిలో పాత బాయిలు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. అందులో దిగినవాళ్లు ఇప్పుడు తాతలు. మీ ఇంట్లోనో, పక్కింట్లోనో అలాంటి తాత ఉంటే ఈ ఆదివారం పక్కన కూర్చుని అడగండి. తాతా, బాయిల సద్ది ఎవరెవరు కలిసి తినేటోళ్లు? నీ గిన్నెల చెయ్యి పెట్టి తిన్నది ఎవరు, పెట్టనిది ఎవరు? ఆయన చెప్పింది ఫోన్లో రికార్డ్ చేసి పెట్టుకోండి. ఏ పుస్తకంలోనూ దొరకని చరిత్ర అది.

విన్నది కామెంట్‌లో రాయండి. వచ్చే వారం ఇంకో కథతో కలుద్దాం. ఉంటా మరి.