నెబ్యులా ఫొటోలో అసలు రంగు ఏది?

ఈరోజు ఎపిసోడ్‌లో ఒక్క ప్రశ్న గురించే మాట్లాడుకుందాం. మీ ఫోన్‌లో ఒరాయన్ నెబ్యులా అని సెర్చ్ చేయండి. ఒక ఫొటోలో అది లేత గులాబీ రంగులో ఉంటుంది. ఇంకోదాంట్లో ఎర్రగా మండుతున్నట్టు ఉంటుంది. మరోదాంట్లో నీలం, బంగారు రంగు కలిసి మెరుస్తుంటాయి. వస్తువు మాత్రం ఒక్కటే. మనకి దాదాపు 1,300 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న గ్యాస్, దుమ్ము మేఘం. తెలుగు పుస్తకాల్లో దీన్నే నీహారిక అంటారు.

మరి ఇన్ని రంగులేంటి? "అదంతా ఎడిటింగ్ బ్రో, ఏదీ నిజం కాదు" అని చాలామంది తేల్చేస్తారు. ఈ మాట ఊరికే వదిలేసేది కాదు. ఎందుకంటే ఆ రంగులు నిజం కాకపోతే, చిన్న టెలిస్కోప్ పెట్టుకుని రాత్రంతా మేడ మీద కూర్చునే కుర్రాడి కష్టం ఉత్త డెకరేషన్ అయిపోతుంది. నిజమే అయితే, ఏది నిజమో చెప్పడానికి ఒక కొలత ఉండాలి కదా. ఆ కొలత కోసం మనుషులు నూట యాభై ఏళ్లకి పైగా తంటాలు పడ్డారు. ఆ కథే ఇవాళ్టి మన టాపిక్.

ముందు మన కన్ను సంగతి చూద్దాం. చిన్న టెలిస్కోప్‌లోంచి ఒరాయన్ నెబ్యులాని చూస్తే బూడిద రంగు పొగలా కనిపిస్తుంది, అంతే. మన కంట్లో రెండు రకాల కణాలు ఉంటాయి. కోన్స్ రంగుని గుర్తుపడతాయి, కానీ వాటికి వెలుతురు బాగా కావాలి. రాడ్స్ చీకట్లో పనిచేస్తాయి, కానీ వాటికి రంగు తెలీదు. మసక వెలుగులో రాడ్సే డ్యూటీలో ఉంటాయి, అందుకే బూడిద రంగు. పెద్ద టెలిస్కోప్‌తో చూస్తే కొంచెం ఆకుపచ్చ ఛాయ కనిపిస్తుంది. అంటే "కంటికి కనిపించేదే నిజం" అనుకుంటే నెబ్యులాకి దాదాపు రంగే లేదన్నమాట. కానీ అది నెబ్యులా లోపం కాదు, మన కంటి పరిమితి.

రంగు నిజంగానే ఉంది అని మొదట గట్టిగా చూపించింది ఇంగ్లండ్‌కి చెందిన విలియం హగిన్స్. 1864 ఆగస్టు 29 రాత్రి ఆయన డ్రేకో నక్షత్ర మండలంలోని ఒక నెబ్యులా కాంతిని స్పెక్ట్రోస్కోప్‌లో పెట్టి చూశారు. నక్షత్రాల కాంతిలాగా ఇంద్రధనుస్సు వస్తుందేమో అనుకుంటే, కొన్ని మెరిసే గీతలే కనిపించాయి. వేడెక్కిన పలచని గ్యాస్ మాత్రమే అలా గీతలు ఇస్తుంది. అందులో ఆకుపచ్చ గీతలు భూమ్మీద తెలిసిన ఏ మూలకానికీ సరిపోలేదు. అందుకని "నెబ్యులియం" అని ఒక కొత్త మూలకాన్నే ఊహించుకున్నారు. 1927లో అమెరికన్ ఫిజిసిస్ట్ ఐరా బోవెన్ దాని గుట్టు విప్పారు. అది కొత్త మూలకం కాదు, రెండు ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న మామూలు ఆక్సిజనే!

ఇక్కడ ఒక విషయం పట్టుకోండి, మిగతా కథంతా దీని మీదే నడుస్తుంది. పువ్వు రంగు, గోడ రంగు అంటే చాలా తరంగదైర్ఘ్యాల కలగూరగంప. నెబ్యులా అలా కాదు. దాని వెలుగులో ఎక్కువ భాగం రెండు మూడు గీతల్లోనే ఉంటుంది. హైడ్రోజన్ ఇచ్చే ముదురు ఎరుపు 656.3 నానోమీటర్ల దగ్గర ఉంటుంది, దాన్నే హెచ్ ఆల్ఫా అంటాం. అదే హైడ్రోజన్ 486.1 దగ్గర నీలం గీత కూడా ఇస్తుంది. ఆక్సిజన్ గీత 500.7 దగ్గర ఉంటుంది. ఎరుపుకి కొంచెం నీలం కలిసింది కాబట్టే హైడ్రోజన్ మేఘం సహజ రంగు రక్తంలాంటి ఎరుపు కాదు, గులాబీ. అయితే ఈ రెండు మూడు గీతల్లో ఏ ఒక్కటి మిస్ అయినా ఫొటో మొత్తం తప్పుతుంది.

సరే, ఇప్పుడు ఫొటోలకి వద్దాం. మొట్టమొదటి నెబ్యులా ఫొటో తీసింది హెన్రీ డ్రేపర్. న్యూయార్క్ దగ్గర హేస్టింగ్స్ ఆన్ హడ్సన్ అనే ఊళ్లో, 1880 సెప్టెంబర్ 30న, 11 అంగుళాల టెలిస్కోప్‌తో ఒరాయన్ నెబ్యులాకి 51 నిమిషాల ఎక్స్‌పోజర్ ఇచ్చారు. 1882లో దాన్ని 137 నిమిషాలకి తీసుకెళ్లారు. అదే ఏడాది చివర్లో ఆయన చనిపోయారు. 1883లో ఇంగ్లండ్‌లో ఆండ్రూ కామన్ 36 అంగుళాల అద్దంతో తీసిన ఫొటోలో కంటికి కనిపించని నక్షత్రాలు కూడా పడ్డాయి. కెమెరా మనిషి కన్నుని దాటేసింది.

కానీ చిక్కేంటంటే, ఆ కాలపు మామూలు ప్లేట్లకి ఎరుపు కనిపించదు. నీలానికే అవి బాగా స్పందించేవి. అంటే నెబ్యులాలో ముఖ్యమైన ఎర్ర గీత ప్లేట్ మీద పడేదే కాదు. ప్లేట్లకి కొన్ని డైలు కలిపితే మిగతా రంగులు కూడా పట్టుకుంటాయని జర్మనీలో హెర్మన్ ఫోగెల్ 1873లోనే కనిపెట్టినా, అది అందరి చేతికి రావడానికి చాలా ఏళ్లు పట్టింది. మన హైదరాబాద్‌కి కూడా ఈ కాలంతో లింకు ఉంది. 1901లో నవాబ్ జఫర్ జంగ్ మొదలుపెట్టిన నిజామియా అబ్జర్వేటరీ, తర్వాత ప్రపంచ దేశాలు కలిసి చేసిన ఆస్ట్రోగ్రాఫిక్ కేటలాగ్ పనిలో ఆకాశంలో ఒక భాగాన్ని ఫొటో తీసి లెక్కగట్టింది. అవీ నలుపు తెలుపు ప్లేట్లే. నక్షత్రం స్థానం దొరికితే చాలు, రంగుతో పనిలేదు.

కలర్ ఫొటో ఐడియా మాత్రం అప్పటికే ఉంది. 1861లో జేమ్స్ క్లర్క్ మాక్స్‌వెల్ లండన్‌లో, ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఫిల్టర్లతో విడివిడిగా తీసిన ఫొటోలని ఒకదాని మీద ఒకటి వేసి ఒక రిబ్బన్‌ని రంగుల్లో చూపించారు. ఈ ట్రిక్‌ని గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

ఆ తర్వాత కలర్ ఫిలిం వచ్చింది. ఇంకేం, ఆకాశం వైపు తిప్పి తీసేయొచ్చు అనుకుంటాం. అదీ కుదరలేదు. పగటి ఫొటోలో సెకనులో చిన్న వంతు చాలు. నెబ్యులాకి గంటలు కావాలి. ఎక్స్‌పోజర్ పెరిగేకొద్దీ ఫిలిం బద్ధకిస్తుంది, గంట వెలుగుకి గంట ఫలితం ఇవ్వదు. పైగా కలర్ ఫిలింలో మూడు పొరలు ఉంటాయి. మూడూ ఒకేలా బద్ధకించవు. ఒక పొర ముందు అలసిపోతుంది, ఇంకోటి తర్వాత. దాంతో రంగుల బ్యాలెన్స్ మొత్తం ఒక పక్కకి ఒరిగిపోతుంది.

కాలిఫోర్నియాలోని పాలోమార్ అబ్జర్వేటరీలో విలియం మిల్లర్ అనే ఫొటోగ్రాఫర్ ఈ సమస్య మీద కూర్చున్నారు. ఫిలిం ఏ రంగుని ఎంత పోగొడుతుందో కొలిచి, ఆ లెక్కతో సరిచేశారు. 200 అంగుళాల టెలిస్కోప్, 48 అంగుళాల ష్మిట్ కెమెరాలతో తీసిన ఆ కలర్ ఫొటోలు 1959లో నేషనల్ జియోగ్రాఫిక్‌లో వచ్చినప్పుడు జనం మొదటిసారి నెబ్యులాలని రంగుల్లో చూశారు. ఇక్కడ మిల్లర్ చేసిన అసలు పని ఏంటో గమనించండి. అందం కోసం రంగు వేయలేదు. తన ఫిలిం చేసే తప్పుని కొలిచి తీసేశారు. బ్యాలెన్స్ అంటే ఇదే.

తర్వాత వచ్చింది డేవిడ్ మాలిన్. కెమిస్ట్రీ తెలిసిన మనిషి. 1975లో ఆస్ట్రేలియాలోని ఆంగ్లో ఆస్ట్రేలియన్ అబ్జర్వేటరీలో చేరారు. ఆయన కలర్ ఫిలింని పక్కనపెట్టి మాక్స్‌వెల్ దారి పట్టారు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం కాంతిలో మూడు నలుపు తెలుపు ప్లేట్లు తీసి, డార్క్‌రూమ్‌లో కలిపేవారు. ఏ రంగు ఎంతసేపు తీయాలో విడివిడిగా కంట్రోల్ చేయొచ్చు కాబట్టి బ్యాలెన్స్ చేతిలో ఉంటుంది. ఈరోజు మోనో కెమెరాకి ఫిల్టర్ వీల్ తగిలించుకుని తీసేవాళ్లు చేసేది కూడా సరిగ్గా ఇదే.

ఇక 1995. హబుల్ టెలిస్కోప్‌తో జెఫ్ హెస్టర్, పాల్ స్కోవెన్ తీసిన "పిల్లర్స్ ఆఫ్ క్రియేషన్" మీ అందరికీ తెలుసు. అందులో సల్ఫర్‌కి ఎరుపు, హైడ్రోజన్‌కి ఆకుపచ్చ, ఆక్సిజన్‌కి నీలం ఇచ్చారు. నిజానికి సల్ఫర్, హైడ్రోజన్ రెండూ ఎర్రగానే వెలుగుతాయి. అలాగే చూపిస్తే ఏది ఏదో తెలీదు. అందుకే విడదీశారు. ఇండియా మ్యాప్‌లో తెలంగాణకి ఒక రంగు, ఆంధ్రకి ఒక రంగు వేస్తాం కదా, నేల ఆ రంగులో ఉందని కాదు కదా. ఇదీ అలాంటిదే. మ్యాప్‌ని మ్యాప్ అని చెప్పినంతవరకు అది అబద్ధం కాదు. చెప్పకుండా "ఇదే అసలు రంగు" అంటేనే తప్పు.

ఇప్పుడు మన చిన్న టెలిస్కోప్ సంగతి. డిజిటల్ సెన్సర్ ఫిలింలాగా బద్ధకించదు, కానీ దాని గొడవలు దానికున్నాయి. 1976లో కొడాక్‌కి చెందిన బ్రైస్ బేయర్ పేటెంట్ పొందిన పద్ధతిలో ప్రతి నాలుగు పిక్సెల్స్‌లో రెండు ఆకుపచ్చ, ఒకటి ఎరుపు, ఒకటి నీలం. సరిచేయని ఫొటో తరచూ ఆకుపచ్చగా కనిపిస్తుంది. మామూలు డీఎస్‌ఎల్‌ఆర్‌లో సెన్సర్ ముందుండే ఫిల్టర్ హెచ్ ఆల్ఫా ఎరుపులో ఎక్కువ భాగాన్ని ఆపేస్తుంది. డ్రేపర్ ప్లేట్ సమస్యే మళ్లీ ఇంకో రూపంలో వచ్చిందన్నమాట! అందుకే 2005లో కేనన్ 20డీఏ అని ఆకాశం కోసమే ఒక మోడల్ తెచ్చింది. వీటికి తోడు ఊళ్లోని వీధిలైట్లు ఆకాశానికి తమ రంగు పూస్తాయి. నెబ్యులా దిగువన ఉంటే గాలి నీలాన్ని తినేస్తుంది.

మరి ఏం చేయాలి? ఆర్డర్ ముఖ్యం. ఒకటి, రా ఫార్మాట్‌లో తీయండి. రెండు, స్టాకింగ్ అయ్యాక వీధిలైట్ల వల్ల వచ్చిన ఏటవాలు వెలుగుని తీసేయండి. మూడు, నెబ్యులా లేని ఖాళీ ఆకాశాన్ని ఏ రంగూ లేని ముదురు బూడిదకి తీసుకురండి. నాలుగు, నక్షత్రాలతో రంగుని సరిచేయండి. సిరిల్ లాంటి ఫ్రీ సాఫ్ట్‌వేర్ మీ ఫొటోలోని నక్షత్రాలని గుర్తుపట్టి, గయా శాటిలైట్ కొలిచిన రంగులతో పోల్చి, తేడాని సరిచేస్తుంది. ఐదు, ఆకుపచ్చ తీసేసే బటన్‌ని జాగ్రత్తగా వాడండి. లేకపోతే ఒరాయన్ మధ్యలో ఉన్న ఆక్సిజన్ రంగు కూడా పోతుంది, హగిన్స్ చూసిన ఆ గీతే!

ఒక టెస్ట్ చెప్తాను. ధనూరాశిలోని ట్రిఫిడ్ నెబ్యులా, అంటే ఎం 20 తీయండి. ఒకే ఫ్రేమ్‌లో గులాబీ హైడ్రోజన్, పక్కనే దుమ్ము మీద పడి మెరిసే నీలం రెండూ ఉంటాయి. రెండూ వచ్చాయంటే మీ బ్యాలెన్స్ కరెక్ట్ దారిలో ఉన్నట్టే. డ్యూయల్ బ్యాండ్ ఫిల్టర్ వాడితే మాత్రం ఆ నీలం చాలావరకు పోతుంది. అప్పుడు ఫొటో కింద ఫిల్టర్ పేరు రాసేయండి, సరిపోతుంది.

చివరగా ఒక్క మాట. చాలాకాలంగా తెలుపుకి కొలబద్దగా సూర్యుడిలాంటి నక్షత్రాలని, అంటే జీ2 రకాన్ని వాడుతున్నారు. నక్షత్రాలకి ఆ అక్షరాలు, అంకెలు ఎక్కడివి? హెన్రీ డ్రేపర్ చనిపోయాక ఆయన భార్య ఆనా డ్రేపర్ హార్వర్డ్ అబ్జర్వేటరీకి డబ్బు ఇచ్చారు. ఆ ప్రాజెక్ట్‌లో యానీ జంప్ కానన్ అనే ఆవిడ రెండు లక్షలకి పైగా నక్షత్రాలని వాటి స్పెక్ట్రమ్ చూసి వర్గీకరించారు. 1918 నుంచి 1924 దాకా అచ్చయిన ఆ జాబితా పేరే హెన్రీ డ్రేపర్ కేటలాగ్. ఎరుపు కనిపించని ప్లేట్ మీద మొదటి నెబ్యులా ఫొటో తీసిన మనిషి పేరు మీదే, ఈరోజు మనం రంగు సరిచూసుకునే పద్ధతి మొదలైంది.

కాబట్టి ఎవరైనా "ఇది ఎడిటింగ్ కదా" అంటే కోప్పడొద్దు. "అవును, ఏ నక్షత్రాలతో పోల్చి సరిచేశానో చెప్తా, కూర్చో" అనండి. అలా చెప్పగలిగితే మీ ఫొటోని ఎవరైనా నమ్మొచ్చు. మళ్లీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటాను.