రెండున్నర ఆమడల దారి

పటం మీద తిరువళ్లూరు నుంచి తిరుత్తణికి సూటిగా గీత గీస్తే 33 కిలోమీటర్లు దాటదు. పాత లెక్కలో రెండున్నర ఆమడలు. రోడ్డయినా, రైలయినా దాదాపు 40. ఈ దూరం ఎన్నడూ మారలేదు. పట్టే పొద్దు మారింది, ఏ ఊరికి ఏ ఊరు దగ్గరన్న లెక్క మారింది.

ఎద్దుల బండి కాలంలో ఇది పగలంతా పట్టే ప్రయాణం. ఆ అలసట ఎంతటిదో దారి మధ్యలో ఉన్న ఊరి పేరే చెబుతుంది: కనకమ్మ సత్రం. ఎవరో తల్లి బాటసారుల ఆకలి తలచుకుని కట్టించిన నీడ చివరికి ఊరిపేరై నిలిచింది. తిరువళ్లూరులో వీరరాఘవస్వామిని సేవించుకుని, ఇక్కడ నడుం వాల్చి, మరునాడు తిరుత్తణి కొండ మీది సుబ్రహ్మణ్యుడి 365 మెట్లు ఎక్కినవారు ఎందరో! ముత్తుస్వామి దీక్షితుల తొలి కీర్తన పుట్టింది ఆ కొండ మీదేనని సంగీత సంప్రదాయం నమ్ముతుంది.

1856 జూలై 1న రాయపురం నుంచి వాలాజా రోడ్డుకు దక్షిణ భారతంలో తొలి ప్రయాణికుల రైలు నడిచింది. తిరువళ్లూరు ఆ దారిలోదే. తర్వాత అరక్కోణంలో చీలి ఉత్తరానికి తిరిగిన పట్టాలు తిరుత్తణిని కలిపాయి. 1871లో రాయచూరు దగ్గర బొంబాయి దారి కలిసేసరికి ఈ చిన్న ఊరు పెద్ద లైను మీదికొచ్చింది. 1888లో తిరుత్తణిలో పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్ చదువులు తిరుపతి, వేలూరు, మద్రాసుల మీదుగా సాగాయి. అప్పటికి అవన్నీ ఒకే ప్రెసిడెన్సీ కింది ఊళ్లు.

అసలు దూరం తర్వాత పెరిగింది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడ్డాక తిరుత్తణి అందులో చేరింది. భాషా రాష్ట్రాలు ఏర్పడే రోజుల్లో తమిళ నాయకుడు మా.పొ. శివజ్ఞానం తమ ఉత్తర సరిహద్దు కోసం ఉద్యమించారు, రెండు రాష్ట్రాల మధ్య పటాస్కర్ మధ్యవర్తిత్వం జరిగింది. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి ఆంధ్ర నుంచి మద్రాసు రాష్ట్రానికి వెళ్లింది. బదులుగా తిరువళ్లూరు, పొన్నేరి తాలూకాల్లోని కొన్ని గ్రామాలు ఆంధ్రకు వచ్చాయి, సత్యవేడు ప్రాంతం అలా మనదయింది. ఇల్లు కదల్లేదు, పొలం కదల్లేదు. పట్టా కాగితం పట్టుకుని పడమటికి వెళ్లే రైతు మాత్రం తూర్పుకు తిరగాల్సి వచ్చింది. బడిలో పిల్లవాడి పలక మీద అక్షరం మారింది. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఆ పలకే. 1997లో తిరువళ్లూరు జిల్లా కేంద్రమయ్యాక కలెక్టరాఫీసు గంట ప్రయాణానికి వచ్చింది. ఆ మేలు కాదనలేం.

ఆడి కృత్తిక పండుగకు ఒకసారి తిరుత్తణి వెళ్లడానికి తిరువళ్లూరులో లోకల్ రైలెక్కాను. పసుపు బట్టలు, పూల కావళ్లు, కిక్కిరిసిన పెట్టె, చుట్టూ అరవం. అరక్కోణం దాటి బండి ఉత్తరానికి మళ్లగానే, కిటికీ పక్క ముసలామె మనవణ్ణి తెలుగులో అడిగింది: "కొండ కనబడిందా నాయనా?"