శారీరక వైకల్యం గల బాలలకు నృత్య శిక్షణ: మారవలసినది తరగతి

బాలభవన్‌లలోను, ఆలయ ప్రాంగణాలలోను, కాలనీ సంఘాల భవనాలలోను సాయంవేళ జరిగే నృత్య తరగతులకు తోబుట్టువులు వెళుతుండగా, నడవలేని బిడ్డ గుమ్మం వద్ద కూర్చుండి చూస్తుండడం కద్దు. కాలు కదపలేని పిల్లకు నాట్యమెందుకన్న భావనే ఇందుకు ముఖ్య కారణం. ఈ భావనకు శాస్త్రంలో గాని, చట్టంలో గాని ఆధారం లేదు.

శాస్త్రం చెప్పేది

నాట్యం కేవలం పాదాల విద్య కాదు. నందికేశ్వరుని అభినయదర్పణం 9 శిరోభేదాలను, 8 దృష్టిభేదాలను, 4 గ్రీవాభేదాలను, 28 అసంయుత హస్తాలను పేర్కొంటున్నది. వీటన్నింటినీ కూర్చుండియే అభ్యసించవచ్చును. క్షేత్రయ్య పదాలను కూర్చుండి అభినయించే పద్ధతి మన సంప్రదాయంలో ఉన్నదే.

చట్టం చెప్పేది

ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒడంబడికను భారతదేశం 2007లో ధ్రువీకరించింది. సాంస్కృతిక జీవనంలోను, ఆటపాటలలోను పాల్గొనే హక్కును దాని 30వ అధికరణం గుర్తిస్తున్నది. 2017 ఏప్రిల్ 19 నుండి అమలులోనికి వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం, 2016లోని 16వ సెక్షన్, ప్రభుత్వ నిధులు లేదా గుర్తింపు పొందిన విద్యాసంస్థలు వికలాంగ బాలలకు క్రీడా, వినోద కార్యక్రమాలలో సమాన అవకాశం కల్పించాలని నిర్దేశిస్తున్నది. వారి సాంస్కృతిక హక్కుల పరిరక్షణను 29వ సెక్షన్ ప్రభుత్వాల బాధ్యతగా పేర్కొన్నది. సముచితమైన సదుపాయాన్ని నిరాకరించడం కూడా ఈ చట్టం దృష్టిలో వివక్షయే.

తరగతిలో చేయదగిన మార్పులు

* ప్రవేశద్వారం వద్ద 1:12 వాలుకు మించని ర్యాంపు, చక్రాల కుర్చీ పట్టే ద్వారం, జారని నేల, అందుబాటులో మరుగుదొడ్డి ఉండాలి.
* చేర్చుకొనే ముందు బిడ్డ ఏమి చేయగలదో బిడ్డనే అడిగి, తల్లిదండ్రులతో మాట్లాడి, వైద్యుని లేదా ఫిజియోథెరపిస్టు సలహా తీసుకోవాలి.
* అడుగులు వేయలేని బిడ్డ అదే జతిని చేతులతోను, తలతోను, తాళంతోను చూపవచ్చును. తాళం అందరికీ ఒక్కటే.
* సెరిబ్రల్ పాల్సీ గల బాలలకు కండరాలను సడలించే వ్యాయామానికి అదనపు సమయం కావాలి. కండరాల క్షీణత గలవారిని అలసట వరకు చేయించరాదు. కృత్రిమ కాలు ధరించేవారికి ఒరిపిడి కలిగితే వెంటనే విశ్రాంతి ఇవ్వాలి.
* చక్రాల కుర్చీని బిడ్డ అనుమతి లేనిదే ఎవరూ తాకరాదు. ఒకచోట నిలిచి అభినయించేటప్పుడు దాని బ్రేకులు వేసి ఉంచాలి.
* కోలాటంలో ఒకరి స్థానాన్ని స్థిరంగా ఉంచి, తక్కినవారు వలయంగా తిరుగుతూ కోలలు తాకించే విధంగా అమర్చవచ్చును.

ఒక ఉదాహరణ, ఒక హెచ్చరిక

1981లో ప్రమాదం కారణంగా కుడికాలు కోల్పోయిన నర్తకి సుధా చంద్రన్ జైపూర్ కాలితో తిరిగి వేదికనెక్కారు. ఆమె జీవితం ఆధారంగా సింగీతం శ్రీనివాసరావు దర్శకత్వంలో వచ్చిన ‘మయూరి’ తెలుగువారికి సుపరిచితం. అయితే ప్రతి బిడ్డా అంతటి విజయం సాధించి తీరాలన్న నియమమేమీ లేదు. తక్కిన పిల్లలవలెనే సరదాగా నేర్చుకొనే హక్కు, బాగా రాకపోయినా కొనసాగే హక్కు వారికీ ఉన్నది.

వార్షికోత్సవాలకు వేదికను ఎంపిక చేసే అధికారులు హాలుకే కాక, వేదికపైకి కూడా ర్యాంపు ఉన్నదీ లేనిదీ చూడవలసి ఉంటుంది. ఇద్దరు ఎత్తుకొని వేదికపై దింపిన బిడ్డకు చప్పట్లు దక్కవచ్చును గాని, సమానత్వం దక్కదు. పాత్రికేయులు సైతం జాలి గొలిపే కథనాలకన్న, తమ ప్రాంతంలో ఎన్ని తరగతుల గుమ్మాలు ఈ బాలలకు తెరచి ఉన్నవో పరిశీలించి రాయడం ఎక్కువ ప్రయోజనకరం.