బహిణాబాయి ఆత్మనివేదనము

భక్తులారా, పండరినాథుని కొలిచిన స్త్రీలలో ముక్తాబాయిని, జనాబాయిని మన తెలుగువారు చాలమంది ఎరుగుదురు. బహిణాబాయిని ఎరిగినవారు తక్కువ. ఆమె తన కాపురమునే దాపరికము లేక అభంగములలో చెప్పినది.

1628లో ఎల్లోరా సమీపమున దేవగావ్‌లో ఆమె జన్మించెను. పసితనముననే ముప్పది యేండ్ల రెండవ పెండ్లివానికి, గంగాధర పాఠకునకు, ఇచ్చి వివాహము చేసిరి. ఆయన వేదము చదివినవాడు. ఈ మాట మేము దాటవేయరాదు. ఏలయన, ఆమెను కొట్టిన చేయి మావంటివాని చేయి.

కొల్హాపురమున జయరామస్వామి హరికీర్తనలకు ఆ బాలిక ఒక ఆవుదూడను వెంటబెట్టుకొని పోయెడిది. స్వామి దూడ తలను, ఆమె తలను నిమిరెనని ఊరివారు చెప్పుకొనగా, భర్త ఆమెను జడపట్టి యీడ్చి, కొట్టి, పశువుల చెంత కట్టివేసెను. దూడ మేత మానెను, పిదప మరణించెను. అటుపిమ్మట తుకారాముడు ఆమెకు స్వప్నమున ఉపదేశించెను. శూద్రుని గురువుగా గైకొన్న భార్యను విడిచిపోవ భర్త సంకల్పించెను. అప్పటి కామె గర్భవతి.

ఇచట నిదానించి చదువవలెను. పతియే దైవమని వ్రాసినది ఆమెయే. వేదపురాణములు స్త్రీకి మేలు లేదనుచుండగా తనకు తరణోపాయమేమని మొరపెట్టుకొన్నదియు ఆమెయే. మొదటి అభంగములను మాత్రమే ఏరి పతివ్రతాధర్మమును ఉపన్యసించువారు దెబ్బల సంగతి యెత్తరు. అది న్యాయము కాదు. విడిచిపోదలచిన గంగాధరుడే మంచము పట్టగా నెలదినములు సేవచేసినది ఆమె. తరువాత ఆయన మనసు మారి, కుటుంబముతో తుకారాముని దేహూ గ్రామము చేరెను.

ఆమె చెవిని సోకిన వేదము పురుషుల నోటిమీదుగా వచ్చినది. దేవీసూక్తమును దర్శించిన వాగాంభృణి స్త్రీ యనియు, అశ్వినీదేవతలను స్తుతించిన ఘోష స్త్రీ యనియు ఆమెకు ఎవరు చెప్పియుందురు? ఆ దేవీసూక్తమును మన ఆలయములలో నేటికిని పఠించుచున్నాము. ఋషి పేరు మాత్రము తొందరగా పలికి సాగిపోవుదుము!

బహిణాబాయి 1700లో పరమపదించెను. బ్రాహ్మణుడనగా ఎవడు, దేహమా, జాతియా, జ్ఞానమా అని ప్రశ్నించు వజ్రసూచిని మరాఠీ అభంగములలోనికి తెచ్చినదియు, వేదాధికారము లేదనిపించుకొన్న ఈ యిల్లాలే.