ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్ లైసెన్సు: గుంటూరు, ప్రకాశం ప్రాంతం

ఇళ్లు, జిన్నింగ్ మిల్లులు, కోల్డ్ స్టోరేజీలు, పొలం మోటార్లలో విద్యుత్ పనులను సొంత పూచీ మీద చేపట్టడానికి రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే అనుమతిని ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్ లైసెన్సు అంటారు. అమెరికాలోని పలు రాష్ట్రాల్లో ‘మాస్టర్ ఎలక్ట్రీషియన్’ హోదా ఒక వ్యక్తి పనితనానికి దక్కుతుంది. టెక్సాస్‌లో అది రావాలంటే మాస్టర్ పర్యవేక్షణలో 12,000 గంటలు పనిచేసి, కనీసం రెండేళ్లు దాని కింది అంచె అయిన జర్నీమన్ లైసెన్సు కలిగి ఉండాలి. మన దగ్గర అదే బాధ్యతను ముగ్గురికి పంచారు. తీగ లాగే వైర్‌మన్‌కు పర్మిట్, దగ్గరుండి చేయించే సూపర్‌వైజరుకు యోగ్యతా పత్రం, పని ఒప్పుకునే కాంట్రాక్టరుకు లైసెన్సు ఉండాలి. ఆంధ్రప్రదేశ్‌లో వీటిని ఎలక్ట్రికల్ లైసెన్సింగ్ బోర్డు జారీ చేస్తుంది.

ఈ మూడంచెల పద్ధతి 1956 నాటి భారత విద్యుత్ నియమాల్లో 45వ నియమంగా ఉండేది. 2003 విద్యుత్ చట్టం వచ్చాక కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010లో, మళ్లీ 2023లో తెచ్చిన భద్రతా నిబంధనలు దాన్నే కొనసాగించాయి. ఇంట్లో బల్బు, ఫ్యాను, ఫ్యూజు, స్విచ్చి మార్చుకోవడానికి లైసెన్సు అక్కర్లేదు. వైరింగ్ సామర్థ్యం గానీ స్వరూపం గానీ మారే పని అయితే మాత్రం లైసెన్సుదారే చేయాలి.

పదో తరగతి తర్వాత ఐటీఐలో రెండేళ్ల ఎలక్ట్రీషియన్ ట్రేడు, ఆపైన అప్రెంటిస్‌షిప్, తర్వాత వైర్‌మన్ పర్మిట్ అన్నది ఎక్కువమంది నడిచే దారి. డిప్లొమా లేదా ఇంజనీరింగ్ చదివినవారు అనుభవం చూపించి సూపర్‌వైజరు పత్రానికి త్వరగా చేరుకుంటారు. కాంట్రాక్టరు లైసెన్సుకు పర్మిట్ ఉన్న మనుషులతో పాటు ఇన్సులేషన్ కొలిచే మెగ్గర్, ఎర్త్ టెస్టర్ వంటి పరికరాలు కూడా ఉండాలి. ఆ పరికరాలు బీరువాలో ఉంటే చాలదు, పని దగ్గరకు రావాలి.

ఎర్తింగ్, నల్లరేగడి

ఈ ప్రాంతంలో కాంట్రాక్టరు నైపుణ్యం తేలేది ఎర్తింగ్ దగ్గరే. పత్తికీ మిర్చికీ అనువైన నల్లరేగడి తడిగా ఉన్నప్పుడు కరెంటును బాగా లోపలికి తీసుకుంటుంది. ఎండాకాలం వచ్చేసరికి అదే నేల కుంచించుకుపోయి నెర్రెలు విచ్చుతుంది. పాతిన ఎర్త్ పైపు చుట్టూ మట్టి వదులై సందు ఏర్పడుతుంది, రెసిస్టెన్సు పెరుగుతుంది. అందువల్ల వానాకాలంలో కొలిచి బాగుందని రాసిన రీడింగు నడివేసవిలో నిలబడకపోవచ్చు. గొయ్యిలో బొగ్గు, ఉప్పు వేసి, పైన గరాటు పెట్టి నీళ్లు పోసే ఏర్పాటు పాతదే అయినా, నీళ్లు పోసేవాళ్లు లేకపోతే అది పేరుకే మిగులుతుంది. రీడింగును ఏప్రిల్, మే నెలల్లో తీసుకునే కాంట్రాక్టరే నమ్మదగినవాడు.

త్రీఫేజ్ మోటారు బాడీకి వేర్వేరుగా రెండు ఎర్త్‌లు కలపాలని నిబంధన. సర్వీసు ఇచ్చే ముందు ప్రతి లైవ్ తీగకూ భూమికీ మధ్య 500 వోల్టుల మెగ్గర్‌తో ఒక నిమిషం పరీక్షిస్తే ఇన్సులేషన్ కనీసం ఒక మెగాఓమ్ చూపించాలి. ఈ అంకెలు కాంట్రాక్టరు, సూపర్‌వైజరు సంతకాలతో టెస్ట్ రిపోర్టులో చేరతాయి. మెగ్గర్ పెట్టకుండానే రిపోర్టులో అంకె రాసేస్తే, ఆ మోటారును తడిచేత్తో ముట్టుకునే మనిషి ప్రాణం మీద సంతకం చేసినట్టే.

పనులు, హద్దులు

పని ఏడాది పొడుగునా ఒకేలా ఉండదు. జిన్నింగ్ మిల్లులు పత్తి రాకముందే ప్యానెళ్లు, కేబుళ్లు చూపించుకుంటాయి. గాలిలో ఎగిరే దూది ధూళికి ఒక్క నిప్పురవ్వ చాలు కనుక, అక్కడ పూర్తిగా మూసి ఉండే మోటార్లే వాడాలి. వదులైన టెర్మినల్ కనిపిస్తే వెంటనే బిగించాలి. గుంటూరు చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీల హడావిడి మిర్చి యార్డుకు సరుకు పోటెత్తే వేసవికి ముందు మొదలవుతుంది. సరుకు నిండిన గదిలో అమోనియా కంప్రెసరు ఆగితే నష్టం రైతుదాకా వెళ్తుంది. చీమకుర్తి గ్రానైట్ క్వారీలు, చిలకలూరిపేట నూలు మిల్లులు కూడా ఈ వృత్తికి ఆధారం. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంతో ఇళ్లపై సోలార్ పని తోడైంది.

లైసెన్సు ఉన్నా చేయకూడని పని ఒకటుంది. పొలంగట్టు మీది ట్రాన్స్‌ఫార్మర్ పంపిణీ సంస్థ ఆస్తి, దాని మీద కాంట్రాక్టరు చేయి వేయకూడదు. గుంటూరు, ప్రకాశం ప్రాంతాలకు 2020 నుంచి ఆ సంస్థ ఏపీసీపీడీసీఎల్. పైరు ఎండుతుంటే లైన్‌మన్ కోసం ఆగలేక, ట్రాన్స్‌ఫార్మర్‌కు కరెంటు ఆపే ఏబీ స్విచ్ లాగి రైతే ఫ్యూజు వేసుకోవడం ఈ ఊళ్లలో మామూలైపోయింది. స్విచ్‌లో మూడు బ్లేడ్లూ విడిపోయాయో లేదో కింద నుంచి చూసి చెప్పడం కష్టం. అందుకే మోటారు బిగించిన రోజే మంచి కాంట్రాక్టర్లు ఒక ఫేజు పోతే మోటారును ఆపే సింగిల్ ఫేజింగ్ ప్రివెంటర్ పెట్టించి, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి వెళ్లొద్దని రైతుకూ ఇంట్లోవాళ్లకూ చెబుతారు. ప్రమాదం జరిగితే 2003 చట్టం 161వ సెక్షన్ ప్రకారం సమాచారం ఇవ్వాలి. ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరు విచారణకు వచ్చినప్పుడు టెస్ట్ రిపోర్టు మీద ఎవరి సంతకం ఉంటే వారే జవాబు చెప్పుకోవాలి.