స్తంభం ఎక్కినవాళ్ల కబుర్లు

అమెరికా, కెనడా దేశాల్లోని విద్యుత్ కార్మికుల సంఘం ఐబీఈడబ్ల్యూ. దాని పత్రికలో స్థానిక శాఖల కబుర్లకు కొన్ని పేజీలు ఉంటాయి. ఒక్కో కబురు నెత్తిన ఒక నంబరు, ఒక ఊరి పేరు, పక్కనే కొన్ని పొడి అక్షరాలు కనిపిస్తాయి. ‘ఐ’ అంటే భవనాల లోపల వైరింగ్ చేసేవాళ్లు. ‘ఓ’ అంటే బయట లైన్ల మీద పనిచేసేవాళ్లు. ‘యు’ అంటే కరెంటు సరఫరా చేసే కంపెనీల్లో ఉన్నవాళ్లు. కింద నాలుగు మాటలుంటాయి: ఊళ్లో పని ఎలా ఉంది, కొత్త ఒప్పందంలో ఏం వచ్చింది, ఎవరు రిటైరయ్యారు, ఎవరు పోయారు. ఈ శాఖలను పేరుతో కాక నంబరుతోనే పిలుస్తారు: లోకల్ 1, లోకల్ 3, లోకల్ 1245. మనవాళ్లకు ఇది కొత్తేమీ కాదు. తెలుగునాట విద్యుత్ ఉద్యోగులు ‘1104 యూనియన్’, ‘327 యూనియన్’ అంటూ రిజిస్ట్రేషన్ నంబర్లనే ఇంటిపేర్లు చేసుకున్నారు. కార్మికోద్యమ చరిత్ర రాసేవాళ్లు ఎక్కువగా మహాసభల తీర్మానాలు, పెద్ద సమ్మెలు, నాయకుల ప్రసంగాలు చూస్తారు. ఈ కబుర్ల పేజీలను ఊరి ముచ్చట్లుగా పక్కన పెడతారు. అది పొరపాటని నా వాదన. ఆ వృత్తి ప్రాణాలతో నిలవడానికి వాడిన పనిముట్లలో ఈ కబురు కూడా ఒకటి. అలా చదివితేనే ఆ సంఘం ఎందుకు పుట్టిందో, ఎక్కడ తప్పిందో రెండూ తెలుస్తాయి.

1891 నవంబరులో సెయింట్ లూయిస్‌లో ఒక డ్యాన్స్ హాలు పైగదిలో పదిమంది ప్రతినిధులు కూర్చుని ఈ సంఘాన్ని స్థాపించారు. వాళ్ల వెనక ఉన్న సభ్యులు 286 మంది. మొదటి అధ్యక్షుడు హెన్రీ మిల్లర్ స్వయంగా లైన్‌మన్. మెరుపుతీగలను పిడికిట బిగించిన గుర్తు ఆ సభలోనే పుట్టింది. ఆనాటి లైన్‌మన్‌కు గంటకు పదిహేను, ఇరవై సెంట్ల కూలి. ఎండనక వాననక రోజుకు పన్నెండు గంటల పని. చేతికి సరైన రబ్బరు తొడుగు లేదు, పని నేర్పే పద్ధతంటూ లేదు. మన లైన్‌మన్లు స్తంభం ఎక్కేముందు సబ్‌స్టేషన్‌లో ‘ఎల్‌సీ’ తీసుకుంటారు. అంటే ఆ లైన్లో కరెంటు ఆపించి, పని ముగిసేదాకా మళ్లీ ఇవ్వకుండా హామీ తీసుకుంటారు. అప్పటికి అలాంటి కట్టుబాటు స్థిరపడలేదు. కొన్ని ప్రాంతాల్లో ఈ పనిలో దిగిన ఇద్దరిలో ఒకరు పనిలోనే చనిపోయేవారని సంఘం తన చరిత్రలో చెప్పుకుంటుంది. ఆ మాటను కొంత తగ్గించి తీసుకున్నా అసలు విషయం మారదు. చావులను ఊరూరా లెక్కగట్టి ఒకచోట చేర్చే బాధ్యత అప్పుడు ఏ ప్రభుత్వానికీ లేదు. మిల్లర్ కూడా 1896 జులైలో వాషింగ్టన్‌లో పనిలో ఉండగా 2200 వోల్టుల షాక్ తగిలి, స్తంభం మీంచి పడి మరణించాడు. సంఘాన్ని నిలబెట్టినవాడే ఆ చావుల జాబితాలో చేరాడు.

సంఘం పత్రిక 1893 జనవరిలో మొదలైంది. శాఖల ఉత్తరాలు, వాటి వెంట సంతాప తీర్మానాలు అందులో అచ్చయ్యేవి. ఆ తీర్మానాలకు ఒక మూస ఉండేది. మన సోదరుణ్ని దేవుడు తీసుకుపోయాడు కాబట్టి శాఖ గుర్తింపు పత్రమైన చార్టరుకు ముప్పై రోజులు నల్లగుడ్డ కప్పాలని, ఒక ప్రతి కుటుంబానికి, ఒక ప్రతి పత్రికకు పంపాలని రాసేవారు. చదివిందే చదివినట్టు ఉంటుంది, నిజమే. కానీ ఒక తీర్మానం పక్కన మరొకటి పెట్టి చూస్తే ఒక వృత్తి తన చావులను తానే నమోదు చేసుకోవడం కనిపిస్తుంది. ఒక ఊళ్లో ఒకరు పడిపోతే అది దురదృష్టం. నెలనెలా వేర్వేరు ఊళ్ల నుంచి అదే కబురు వస్తే అది పనిలోని లోపం. ఆ తేడా లైన్‌మన్‌కు తన స్తంభం మీద నిలబడి తెలియదు, అన్ని ఊళ్ల కబుర్లూ ఒకచోట అచ్చయితేనే తెలుస్తుంది. ఈ పనివాళ్లకు బీమా ఇవ్వడానికి కంపెనీలు వెనకాడాయి. సంఘం తనే మరణ సహాయం ఇస్తూ వచ్చి, 1920ల ఆరంభంలో అందుకోసం సొంత సంస్థనే పెట్టుకుంది. చనిపోయినవాళ్ల పేర్లు నెలనెలా చదివే సభ్యులకు చందా ఎందుకు కట్టాలో ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

బతికున్నవాళ్లకూ ఆ కబురు అంతే అవసరం. లైన్ పని ఒక ఊరికి కట్టుబడి ఉండదు. కొత్త లైను పడుతున్న చోటికి, తుపాను స్తంభాలను కూల్చిన చోటికి పనివాళ్లు తరలిపోవాలి. అలా తిరిగేవాళ్లను ‘బూమర్లు’ అనేవారు. ఒక శాఖ ఇచ్చిన ట్రావెలింగ్ కార్డు చూపిస్తే మరో శాఖ తమవాడిగా చేర్చుకునేది. ఏ ఊళ్లో పని ఉందో, ఎక్కడ చేతులు ఖాళీగా ఉన్నాయో ఆ ఉత్తరాలే చెప్పేవి. అన్నిటికంటే విలువైన కబురు ‘ఇక్కడికి రావద్దు’ అన్నది. సమ్మె జరుగుతున్న ఊరికి తెలియక వచ్చి దిగినవాడు, తనకు తెలియకుండానే సమ్మెను విరిచే కూలీ అవుతాడు. 1899లో ఒట్టావాలో లోకల్ 93 ఏర్పడి ‘జాతీయ’ సంఘం ‘అంతర్జాతీయ’ సంఘమయ్యాక ఈ హెచ్చరికలు సరిహద్దు దాటి కూడా పనిచేశాయి. వేల మైళ్ల దూరంలో, ముఖముఖాలు ఎరగనివాళ్లను ఒక మాట మీద నిలబెట్టడానికి ఆ కాలంలో ఇంతకంటే చౌకైన సాధనం లేదు.

నా వాదనకు మొదటి అభ్యంతరం న్యాయమైనదే. ఈ కబుర్లు రాసేది శాఖ ఎన్నుకున్న ప్రెస్ సెక్రటరీ. తమ శాఖను పొగుడుకుంటాడు, అంతర్గత కలహాలను దాస్తాడు. 1908లో సంఘం రెండుగా చీలింది. మెక్‌నల్టీ వర్గం, రీడ్-మర్ఫీ వర్గం ఏళ్ల తరబడి తామే అసలు సంఘమని పోట్లాడుకున్నాయి. అలాంటి కాలంలో ఎవరి అచ్చు వాళ్ల మాటే చెబుతుంది. ఒప్పుకుంటాను. అయితే పక్షపాతం నాయకత్వం గురించిన మాటల్లో ఎక్కువ, పని గురించిన మాటల్లో తక్కువ. ఊళ్లో పని ఉందని తప్పు రాస్తే మోసపోయి వచ్చేది తోటి కార్మికుడు, వచ్చి నిలదీసేదీ వాడే. చదివేవాడికి సరిచూసే అవకాశం ఉన్న చోట అబద్ధం ఎక్కువ కాలం నిలవదు.

రెండో అభ్యంతరం ఇంకా బరువైనది. ‘సోదరుడు’ అన్న పిలుపులో అందరూ లేరు. 1919 ఏప్రిల్‌లో జూలియా ఓకానర్ నాయకత్వంలో న్యూ ఇంగ్లండ్ టెలిఫోన్ ఆపరేటర్లు సమ్మె చేసి, వారం తిరక్కుండా గెలిచారు. వేలమంది స్త్రీలు, అందరూ ఈ సంఘం సభ్యులే. అయినా వాళ్ల ఓట్లు తమను ముంచెత్తుతాయని పురుషులు భయపడి, 1918లోనే వాళ్లకు వేరే విభాగం కట్టారు. నల్లజాతి కార్మికుల సంగతి మరీ అన్యాయం. భవన నిర్మాణ శాఖల్లో అప్రెంటిస్‌గా చేరే దారి చాలాచోట్ల వాళ్లకు మూసి ఉండేది. క్లీవ్‌లాండ్ లోకల్ 38 మీద అమెరికా ప్రభుత్వమే దావా వేయవలసి వచ్చింది. 1970లో అప్పీలు కోర్టు ఇచ్చిన తీర్పు, పాత వివక్షను సరిదిద్దే చర్యలకు కోర్టులు ఆదేశించవచ్చని చెప్పింది. న్యూయార్క్ లోకల్ 3లో హ్యారీ వాన్ ఆర్స్‌డేల్ 1962లో పనిగంటలు తగ్గించే ఒప్పందంతో పాటు అప్రెంటిస్ తలుపులు తెరిచి, నల్లజాతి, ప్యూర్టోరికో యువకులను చేర్చుకున్నాడు. ఒక్క శాఖ చేయగలిగింది తక్కినవి చేయలేకపోయాయంటే అది చేతకానితనం కాదు, ఇష్టం లేకపోవడం. ఇక్కడా కబుర్ల పేజీ సాక్ష్యమే. తండ్రి, కొడుకు, మనవడు ముగ్గురూ ఒకే శాఖలో చేరారని గర్వంగా రాసిన వార్తను తిరగేసి చదివితే, ఆ సీట్లు ఎవరి పిల్లలకు దక్కలేదో తెలుస్తుంది. రాసినవాడు సంబరంగా రాశాడు. మనం అలా చదవక్కర్లేదు.

చివరిగా, కార్మికుల ప్రాణాలు నిలిపింది చట్టాలు, మెరుగైన పరికరాలే కాని కబుర్లు కావనేవాళ్లున్నారు. పరికరాల మేలును కాదనను. కానీ ఏ నియమం కావాలో నియమం రాసేవాళ్లకు ఎవరు చెప్పాలి? అమెరికా కార్మిక భద్రతా చట్టం 1970లో వచ్చింది. విద్యుదుత్పత్తి, సరఫరా లైన్ల పనికి ప్రత్యేక నియమావళి రావడానికి మాత్రం 1994 దాకా పట్టింది. దాని ముసాయిదాను విద్యుత్ కంపెనీల సంస్థ, ఈ సంఘం కూర్చుని కలిసి తయారుచేశాయి. శాఖల నుంచి వచ్చిన అనుభవం లేకపోతే ఆ బల్ల దగ్గర సంఘం చెప్పగలిగేది చాలా కొద్ది. 600 వోల్టులు దాటిన కరెంటు ఉన్న భాగాల మీద చేసే చాలా పనులకు అక్కడ కనీసం ఇద్దరు ఉండాలన్నది ఆ నియమాల్లో ఒకటి. మిల్లర్ పోయిన 98 ఏళ్లకు అది చట్టబద్ధమైంది.